రెబ్కా చెట్టుకి ఎర్ర గీత

రెబ్కా కంటే రెబ్కా గొంతు ముందొస్తుంది. దర్శి చుట్టుపక్కల మిరప చేలున్న ఏ రైతుని అడిగినా ఈ మాటే చెబుతాడు. పొద్దున్నే ట్రాలీ ఆటో గట్టు దగ్గర ఆగకముందే, "దిగండే, సూర్యుడు మీకోసం ఆగుతాడా?" అని వినపడిందంటే ముఠా వచ్చినట్టే. కూలికొచ్చే ఆడవాళ్లందరికీ ఆమే మేస్త్రి.

గొర్రుతో విత్తిన మిరపలో ఒత్తుగా మొలిచిన మొక్కల్ని పీకి పలచన చెయ్యాలంటే ఆమె తర్వాతే ఎవరైనా. ఆ చేతికి జాలి ఉండదు. "జానెడు చోట మూడుంటే మూడూ ఆకలితో చస్తాయి. రెండు పీకితే ఒకటన్నా కాస్తుంది" అని కొత్తగా పనిలోకొచ్చిన వాళ్లకి పాఠం చెబుతుంది. ఆ పాఠం పూర్తయ్యేలోపు సగం సాలు పలచనైపోతుంది.

అలాంటి మనిషి ఒక టేకు చెట్టు దగ్గర ఎంత పని చేసిందో ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆమె ఎదురుగా మాత్రం చెప్పుకోరు.

ఊరి వెనక గుట్ట వాలులో టేకు తోట ఉంది. పదిహేనేళ్ల కిందట అటవీ శాఖ వాళ్లు వేయించారు. గుంతలు తవ్విందీ, మొక్కలు నాటిందీ, మొదటి రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్లు మోసిందీ రెబ్కా ముఠానే. మోసి మోసి భుజాలు కాయలు కాచాక, తలా ఒక చెట్టుకి తమ పేరు పెట్టేసుకున్నారు. తోట సర్కారుదే, కాదనేవాళ్లు లేరు. కానీ ఇది జుబేదా చెట్టు, అది లిడియా చెట్టు. పుల్లలకి వెళ్లినప్పుడల్లా ఎవరి చెట్టుని వాళ్లు జానలతో కొలుచుకుంటారు. రెండు వేళ్లు లావెక్కితే చాలు, ఆ రోజంతా ఆ మనిషిని పట్టలేం.

రెబ్కా చెట్టు ఎన్నేళ్లు కొలిచినా అదే కొలత. పక్క చెట్ల నీడలో బక్కచిక్కి, వెలుతురు కోసం ఓ పక్కకి వంగి ఉండేది. "అది వంగలేదే, తొంగి చూస్తోంది" అనేది రెబ్కా.

వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. తోటలో చెట్లకి తలలు ఎండడం మొదలైంది. కింద కొమ్మలు చిగురేస్తున్నా పైన మోడే. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ మాలిక్ పొదిలి కుర్రాడు, తోట అంటే ప్రాణం. ముఠాని కూర్చోబెట్టి చెప్పాడు.

"చిన్నప్పుడు అందరికీ సరిపోయిన చోటే అమ్మా ఇది. ఇప్పుడు వేళ్లన్నీ ఒకే తడి కోసం కొట్టుకుంటున్నాయి. పైదాకా నీరందక లావు చెట్లు కూడా తల ఎండబెట్టుకుంటున్నాయి. సన్నవీ వంకరవీ ఈ వానల్లోపు తీసెయ్యాలి. లేదంటే ఇంకో కరువుకి తోట మొత్తం పొయ్యిలోకే."

"ఎవరికి చెబుతున్నావు బాబూ" అని లేచింది రెబ్కా. "మిరపకి రోజూ చేసేదేగా. రంపం వాళ్లని పిలిపించు. కంప కొట్టడం, మోత అంతా మా ముఠా చూసుకుంటుంది."

తోట బతుకుతుందనే సంబరంలో ఆమెకి ఆ పూట అన్నం కూడా సయించలేదు.

మే నెలలో, మిరప కోతలు ముగిశాక పని మొదలైంది. మాలిక్ పొద్దున్నే ఎర్ర ఎనామిల్ పెయింట్ డబ్బా పట్టుకుని తోటంతా తిరిగి, కొట్టాల్సిన చెట్లకి నడుం చుట్టూ గీత గీశాడు. రంపం వాళ్లని తీసుకురావడానికి దర్శి వెళ్లాడు. ముఠా కంప కొట్టడానికి దిగింది.

రెబ్కా నేరుగా తన చెట్టు దగ్గరికెళ్లింది. దాని నడుం చుట్టూ ఎర్ర గీత, ఇంకా తడి ఆరలేదు.

పాఠం గుర్తు రాలేదా అంటే వచ్చింది. అన్ని మాటలూ వరసగా వచ్చాయి. అయినా చుట్టూ చూసి, రాలిన టేకాకు ఒకటి తీసి గీతని తుడిచింది. పోలేదు. అరచేత్తో రుద్దింది. మట్టి పూసింది. చివరికి గీత మాయమైంది కానీ ఒక చెట్టు లెక్క తగ్గితే మాలిక్ పట్టేస్తాడేమోనని భయం. అందుకని చేతికంటిన రంగుని పక్క చెట్టుకి పూసింది. ఆ చెట్టుకి ఎవరి పేరూ లేదు. స్తంభంలా నిలువుగా, తోటకే నిండుగా ఉంటుంది. అడిగేవాళ్లు లేరు కదా అనుకుంది.

మధ్యాహ్నం వేప నీడలో అన్నం గిన్నెలు తెరిచారు. ఎప్పుడూ ఒకరి కూర ఒకరు లాక్కునే వాళ్లు, ఆ రోజు ఎవరికి వాళ్లు అటు తిరిగి కూర్చున్నారు. జుబేదా స్పూనుతో తింటోంది. పెళ్లిలో కూడా ఆమె స్పూను ముట్టగా ఎవరూ చూడలేదు.

"నువ్వు తినవా అక్కా?" అంది జుబేదా.

"ఉపవాస ప్రార్థనలో ఉన్నా" అంది రెబ్కా, చేతులు కొంగులో దాచుకుని. పొద్దున ఆటోలో ఆమె మూడు గారెలు తినడం అందరూ చూశారు. కానీ ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆమెకి వింతగా తోచింది.

అంతలో రంపం వాళ్లని తోటలోకి పంపి మాలిక్ వచ్చాడు. "గోంగూర వాసనొస్తోంది, ఎవరమ్మా తెచ్చింది? ఓ ముద్ద పెట్టండి" అని చెయ్యి చాపాడు. ఒక్కరూ కదల్లేదు.

లోపల నుంచి రంపం మనిషి కేకేశాడు. "సార్, ఇదేం లెక్క? సన్నవి వదిలేసి లావు వాటికి పూశారేంటి? సర్లే, ఈ నిలువుదానితో మొదలెడుతున్నా."

మెషిన్ రంపం గుర్రుమంది.

ఆ నిలువుది ఏదో రెబ్కాకి తెలుసు. తోటని బతికించబోయి, తోటలోకెల్లా మంచి చెట్టుని తన చేత్తోనే చంపుతోంది. లేచి పరిగెత్తింది. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. "ఆగు, ఒరేయ్ ఆగు, అది కాదు" అని అరుస్తూ వెళ్లి రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. రంపం ఆగింది.

వెనకాలే వచ్చిన వాళ్లందరికీ ఆమె అరచేతులు కనపడ్డాయి. మణికట్టు దాకా ఎరుపు.

మాలిక్ ఆ చేతుల్ని చూశాడు, చెట్టుని చూశాడు. "ముద్ద పెట్టనిది ఇందుకా రెబ్కమ్మా?"

ఆమె చేతులు మళ్లీ కొంగులో దాచుకోబోయింది. అప్పుడు వెనక నుంచి జుబేదా మెల్లగా తన చెయ్యి చూపించింది. అదీ ఎరుపే. లిడియాది ఎరుపే. ఒక్కొక్కరే చేతులు తీస్తుంటే రంపం వాళ్లు నవ్వలేక కడుపు పట్టుకున్నారు.

"ముఠా ముఠా గోరింటాకు పెట్టుకున్నారు, నన్ను పిలవలేదు" అన్నాడు మాలిక్, చెట్టుకి చేరగిలబడి.

"నీ చెట్టుకీ గీత పడిందా జుబేదా?" అంది రెబ్కా.

"పడింది. నీ చెట్టుకి పూద్దామని వచ్చా. అప్పటికే మట్టి కొట్టుకుని ఉంది, నువ్వే ముందొచ్చావని తెలిసిపోయింది."

రెబ్కా ముందుగా నవ్వింది. ఆ నవ్వు ఆగాక మాలిక్ దగ్గరున్న రంగు డబ్బా లాక్కుని, తన బక్క చెట్టు దగ్గరికెళ్లి, అరచెయ్యి ముంచి దాని నడుం మీద గట్టిగా ఒత్తింది. "ముందు దీన్ని కొట్టు" అంది రంపం మనిషితో. కొడుతున్నంతసేపూ అక్కడే నిలబడింది. ఆ తర్వాత ఎవరి చెట్టుకి వాళ్లే గీత గీసుకున్నారు. గొణుక్కుంటూనే గీసుకున్నారు.

ఆ ఏడు వానలు సుమారుగానే పడ్డాయి. అయినా తోట వేరేలా ఉంది. మిగిలిన చెట్లు చేటంతేసి ఆకులు వేశాయి. ఎండిన తలల పక్క నుంచే కొత్త చిగుళ్లు లేచాయి. ఎన్నడూ లేని ఎండ ఒంటికి తగలడంతో మొదళ్ల మీద కూడా సన్న కొమ్మలు పుట్టుకొచ్చాయి. చెట్లకి జబ్బు చేసిందేమోనని కంగారుపడి మాలిక్‌కి ఫోన్ చేసింది జుబేదానే.

సెప్టెంబరులో ఒక పొద్దున ఆమె రొప్పుతూ రెబ్కా గుమ్మంలోకొచ్చింది. "అక్కా, రా. నీ మోడు చూద్దువుగాని."

రెబ్కా చేతిలో పిండి కూడా కడుక్కోకుండా బయలుదేరింది. కొట్టేసిన మొదలు చుట్టూ పిలకలు, ఒక్కొక్కటీ నిటారుగా, ఆమె తల దాటి. పాత వేళ్లకి ఇప్పుడు తాగినంత నీరు. ఆమె ఆ పిలకల మధ్య దూరి, ఒక్కోదాన్నీ జానతో కొలుస్తూ, ఊరికి వినపడేలా ముఠా మొత్తాన్ని పేరుపేరునా పిలిచింది.

అప్పటికే అక్కడున్న మాలిక్ కొడవలి అందించాడు. "దిట్టమైంది ఒకటి ఉంచి మిగతావి కోసెయ్యాలమ్మా. నీకు చెప్పేదేముంది."

"నాకు చెప్పేదేముంది" అంది రెబ్కా. చకచకా కోసుకుంటూ వచ్చింది. చివర్లో రెండు మిగిలాయి. కొడవలి ఆగింది.

"ఒకటన్నాను" అన్నాడు మాలిక్.

"విన్నాను బాబూ. ఈ రెండో దాన్ని వచ్చే ఏడు చూద్దాం" అని కొడవలి అతని చేతిలో పెట్టేసి, గట్టెక్కి ఇంటిదారి పట్టింది.