కెప్టెనక్క కోర్టులోకి దిగని రోజు

అప్పట్లో మా లాలాగూడ కాలనీలో, పొడుగ్గా ఉన్న ఆడపిల్లకి వాలీబాల్ పుట్టుకతోనే వచ్చేస్తుందని అందరూ గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం వల్లే, కార్ఖానా ఏరియాలో ఒక ఆఫీసులో కొత్తగా ఉద్యోగంలో చేరి, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని టీ తాగుదామనుకున్న నన్ను పట్టుకెళ్ళి ఆడవాళ్ళ టీములో పడేశారు. అందరూ జిరాఫీ అని పిలిచేవారు (ప్రేమతోనేనని అమ్మ అనేది, అమ్మకి లోకంలో అందరూ మంచివాళ్ళే). నెట్టు దగ్గర నిలబెడితే పర్వాలేదు, వచ్చిన బంతిని అడ్డుకునేదాన్ని. కానీ ఈ ఆటలో ఒక దిక్కుమాలిన రూలుంది. అవతలి వాళ్ళ నుంచి సర్వీసు మన చేతికొచ్చినప్పుడల్లా ఆరుగురూ ఒక్కో స్థానం జరగాలి. అలా జరిగి జరిగి ఎంతటివాళ్ళైనా వెనక మూలకి చేరి సర్వీసు చెయ్యాల్సిందే. అక్కడికి వెళ్ళగానే నా చేతులు నా మాట వినేవి కావు. నేను కొట్టిన బంతి నెట్టుకి తగిలేది, అంపైరుకి తగిలేది, ఒకసారి మిర్చిబజ్జీల బండి మీద మూకుడులో పడబోయి త్రుటిలో తప్పింది. నెట్టు మాత్రం దాటేది కాదు.

మాకు ఆట నేర్పింది కెప్టెనక్క. మా కాలనీలోనే పెరిగి, జీతమిచ్చి ఆడించుకునే పెద్ద టీముకి కెప్టెనైన మనిషి. మోకాలికి ఆపరేషనై విశ్రాంతికని ఇంటికొచ్చింది. అప్పటికే మా గ్రౌండుకి గండం వచ్చిపడింది. కాలనీ సెక్రటరీ అంకుల్ దాన్ని కార్ల పార్కింగు చేసేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. "ఆడేటోళ్ళే లేకపాయె, గ్రౌండ్ ఏం జేస్కుంటరమ్మా? కాప్రా టీం మీద ఒక్క మ్యాచ్ గెల్వుండ్రి, మళ్ళ పార్కింగ్ మాట ఎత్తనే ఎత్తను. ఓడిపోతే మాత్రం నన్ను పరేషాన్ చెయ్యొద్దు" అన్నాడు. మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా "సరే అంకుల్" అనేసింది అక్క. అంత పెద్ద కెప్టెను కదా, మాకు ఆవేశం పొంగేలా ఉపన్యాసమిస్తుందనుకున్నాను. ఆమె ఇచ్చింది నీళ్ళ పైపు! "దుమ్ము లేస్తున్నది, తడుపుదాం పట్టు" అని తనే ఒక కొస పట్టుకుంది. తిట్టేది కాదు. నా బంతి నెట్టుకి తగిలినప్పుడల్లా కుంటుకుంటూ వెళ్ళి, తెచ్చి నా చేతిలో పెట్టి, "మళ్ళ కొట్టు" అనేది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది, ఇంటికెళ్ళి ఏడ్చి మానేసేదాన్ని.

దాంతో నాకు పంతం పట్టుకుంది. ఆఫీసు నుంచి రాగానే ఇంటి గోడకేసి కొట్టడమే పని. "ఏందమ్మా గిది, గోడ కూలగొడ్తవా?" అని పక్కింటి ఆంటీ అరిచేది. అమ్మ అయితే చర్చిలో స్త్రీల కూడికలో నిలబడి "మా అమ్మాయి బంతి నెట్టు దాటాలని అందరూ ప్రార్థించండి" అని అడిగింది. అప్పట్నుంచి ఆదివారం చర్చి గుమ్మంలో పెద్దావిడలు నా చెయ్యి పట్టుకుని "దాటిందా తల్లీ?" అనేవారు. "అప్పుడప్పుడూ దాటుతోందండీ" అనేదాన్ని. అబద్ధం కాదు, నిజంగానే అప్పుడప్పుడూ దాటేది.

మ్యాచ్ రోజు కాలనీ అంతా గ్రౌండు చుట్టూ చేరింది. చివరి సెట్టు, ఒక్క పాయింటు ముందున్నాం. ఇంకొక్కటొస్తే మ్యాచూ మాదే, గ్రౌండూ మాదే. సర్వీసు మాకొచ్చింది. ఆరుగురం జరిగాం. చూసుకుంటే, మూలలో నేను! అక్క పేరు అదనపు ఆటగాళ్ళలో ఉంది, కాసేపైతే ఆడొచ్చని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. "అక్కా, నువ్వు దిగు!" అని జనం ఒకటే గోల. సెక్రటరీ అంకుల్ కూడా (గ్రౌండు పోవాలని కోరుకున్న సంగతి ఆటలో పడి మర్చిపోయాడు) "జెర దిగమ్మా!" అని అరిచాడు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. అక్క లేచి గీత దాకా వచ్చింది. హమ్మయ్య అనుకుని, బంతి ఆమె చేతిలో పెట్టి బయటికి నడిచాను.

"యాడికి?" అంది.

"నువ్వొచ్చావుగా అక్కా!"

అక్క తువ్వాలుతో నా అరచేతుల చెమట తుడిచింది. "ఎల్లుండి నేను బండెక్కి పోత. ఇయ్యాల నేను కొట్టి గెలిపిస్తే గ్రౌండ్ ఉంటది గానీ, దాంట్ల ఆడేటోళ్ళుండరు" అంది.

"ఓడిపోతే?"

"ఓడిపోతే అంకుల్‌కి నేను జవాబు చెప్త, అది నా పని. సర్వ్ నీ పని." బంతి నా చేతిలో పెట్టేసి వెళ్ళి కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో భయమన్న సంగతే గుర్తురాలేదు. పళ్ళు బిగించి కొట్టాను. బంతి ముందుకి పోవాల్సింది పోయి నిట్టనిలువునా ఆకాశంలోకి లేచింది. అందరం నోళ్ళు తెరుచుకుని పైకి చూశాం. ఎలా దాటిందో తెలీదు గానీ, నెట్టు దాటింది. కాప్రా అమ్మాయిలిద్దరు "నాదీ" అంటే "నాదీ" అంటూ పరిగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు. బంతి వాళ్ళ మధ్యలో పడింది. అంకుల్ ఎగిరి గంతేసి, ఓడిపోయింది తనేనని గుర్తొచ్చి మెల్లగా కూర్చున్నాడు.

అన్నట్టే అక్క వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం గ్రౌండులో ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. ఎవరూ అడక్కుండానే నేను బంతి తీసుకుని మూలకి వెళ్ళాను. నెట్టుకి తగిలింది. నేనే వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ కొట్టాను.

ఇప్పటికీ ఆదివారాలు ఆడుతూనే ఉన్నాను, సర్వీసు కూడా పర్వాలేదు. అయినా నాకు తరచూ గుర్తొచ్చేది ఆ గెలుపు కాదు. బంతి అక్క చేతిలో పెట్టేసి, బతికిపోయాన్రా దేవుడా అనుకుంటూ బయటికి వెళ్ళిపోతున్న ఆ పొడుగు పిల్ల. పాపం, ఆ నాలుగడుగులూ ఎంత సంతోషంగా నడిచిందో!