నేరేడు గింజల సాక్ష్యం

మొన్న మెట్‌పల్లి బజారులో ఒక బండి మీద నేరేడు పండ్లు రాశి పోసి, అట్టముక్క మీద ‘షుగర్‌కు మంచిది’ అని రాసి గుచ్చారు. వగరు పండ్లలో పాలీఫినాల్స్ అనేవి ఉంటాయని, అవి ఒంటికి మేలు చేస్తాయని ఈ రోజుల్లో బండి మీద అమ్మేవాళ్లకు కూడా తెలుసు. నాకు మాత్రం ఆ అట్టముక్క చూడగానే మా చిన్నమ్మ కళ్లు గుర్తుకొచ్చాయి. పావుకిలో తూయమన్నదాన్ని, వద్దులే అని వచ్చేశాను.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ఇచ్చోడలో ఉండేది. పత్తి ఏరే రోజులు పోను ఆమెకు రెండే పనులు: బైబిల్ చదువుకోవడం, ఊళ్లోవాళ్లను సరిదిద్దడం. వానలు పడగానే కొంగు నిండా నేరేడు పండ్లు తెచ్చి, గిన్నెలో వేసి, ఉప్పు చల్లి మూతపెట్టి గలగలా ఊపేది. తిన్నాక అందరం నాలుకలు చాపి ఎవరిది ఎక్కువ ఊదాగా ఉందో చూసుకునేవాళ్లం. అరవై దాటినా ఆ పోటీలో ఆమే ముందుండేది. షుగర్ వచ్చిందని తెలిశాక డాక్టరు రాసిన గోలీలు ఆమెకు గిట్టలేదు. “కడుపుల తిప్పుతది బిడ్డా,” అని మొహం ముడుచుకునేది.

నేను పంతులమ్మను. అచ్చైన ప్రతి ముక్కా ఎవరికో ఒకరికి చదివి వినిపించకపోతే నాకు తోచదు. ఒకసారి పేపరులో వచ్చిన ముక్క కత్తిరించుకుపోయి ఆమెకు చదివాను. నేరేడు పండులో, గింజలో ఉండే పాలీఫినాల్స్ షుగర్ అదుపులో ఉండటానికి కొంత సాయపడవచ్చని అందులో ఉంది. ‘కొంత’ను మింగేశాను, ‘పడవచ్చు’ను ‘పడతాయి’ చేశాను. మందులు మాత్రం మానకూడదని చివర ఇంకో వాక్యం ఉంది. అంతలోనే ఆమె, “సూసినవా, దేవుడు చెట్టుకే మందు కాయించిండు,” అంటూ చాయ్ పెట్టడానికి లేచింది. ఆ ముఖంలో సంబరం చూసి కాగితం మడిచేశాను.

అప్పటి నుంచి ఎండబెట్టి దంచిన గింజల పొడి పొద్దున్నే ఒక చెంచా. దాంతోపాటు తిండీ తగ్గించింది. షుగర్ కాస్త దిగింది. ఇచ్చోడ చర్చిలో కోత పండుగ నాడు అందరూ తొలి పంట తెచ్చి ముందు పెడతారు, ఒక్కొక్కరే లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతారు. ఆ ఏడు అందరూ జొన్నలు, గుమ్మడికాయలు తెస్తే చిన్నమ్మ ఒక సీసా నేరేడు పొడి తెచ్చిపెట్టింది. “గోలీలు బంద్ జేసిన. నాకే ఫికర్ లేదు,” అంది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

మరుసటి ఏడు షుగర్ మళ్లీ ఎక్కింది. గోలీలు వేసుకో చిన్నమ్మా అని బతిమాలాను. “సంఘం ముంగట సాక్ష్యం జెప్పిన బిడ్డా. మల్ల గోలీ మింగితే దేవుణ్ని అబద్ధం జేసినట్టే గదా,” అంది. ఆ చివరి వాక్యం అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే తప్పు నాదని తేలుతుంది. కళ్లు మసకలు కమ్మాక కరీంనగర్ తీసుకెళితే, లోపలి నరాలు దెబ్బతిన్నాయి, ఆలస్యం చేశారన్నారు.

ఆ తరువాత ఆదివారాలు నేనే ఫోన్‌లో బైబిల్ చదివి వినిపించేదాన్ని. ఒకరోజు చదవడం అయ్యాక అడిగింది.

“బిడ్డా, గా పేపరు ముక్కల ఆఖర్ల ఇంకేమన్న ఉండెనా?”

“ఏం లేదు చిన్నమ్మా.”

“గట్లైతే తప్పు నాదే,” అని నిమ్మళంగా ఫోన్ పెట్టేసింది.

చిన్నమ్మ పోయి నాలుగేళ్లు. కాగితం పచ్చబడింది గాని ఆ చివరి వాక్యం ఇంకా చక్కగా చదవొస్తుంది. దాన్ని చదవడానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం నా చేతిలో ఉన్నప్పుడు నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను.