శ్రీ ఎవరో తెలియదు

మా వదిన ఏం రాసినా పైన ‘శ్రీ’ పెట్టేది. చివరికి పాలవాడి కోసం తలుపు మీద సుద్దముక్కతో ‘రేపు వద్దు’ అని రాసినా ముందు శ్రీ ఉండాల్సిందే.

ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చేసే ఉద్యోగం వస్తుందని పాత లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించుకుంది. దాని మీద వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్ ఎక్కించబోతే మెషిన్ పాస్‌వర్డ్ అడిగింది. కొడితే తెర మీద చుక్క కూడా పడలేదు.

“ఏందబ్బాయా, కీబోర్డు సచ్చిపోయినాదా?” అని నన్ను పిలిచింది. లైనక్స్‌లో పాస్‌వర్డ్ కొడితే తెర మీద కనబడదని చెప్పాను.

ఆ లాప్‌టాప్ ఫ్యాను రొదకు గిద్దలూరు స్టేషన్లో జనం రైలొచ్చిందనుకుని సంచులెత్తుకున్నారని నేను ఊరంతా చెప్పాను. ఆమె కూడా నవ్వింది.

చివరికి ఆమె చేసిన వెబ్ పేజీ తెరుచుకుంది. ఆ సాయంత్రమే ఉద్యోగం ఇచ్చే కంపెనీ అతనికి వీడియో కాల్‌లో చూపించాలి.

“ఈసారి ఉద్యోగం రాకుంటే దీన్ని అమ్మేస్తా. మళ్ళా జాకెట్లు కుట్టుకో,” అన్నాడు మా అన్న.

కాల్ వచ్చే ముందు వదిన సెట్టింగుల ఫైలు తెరిచి, మొదటి వరుసలో శ్రీ అని రాసి సేవ్ చేసింది. పేజీ పోయింది. ‘శ్రీ’ అనే పేరు తనకు తెలియదని మెషిన్ ఇంగ్లీషులో చెప్పింది.

“ఆ శ్రీ తీసెయ్ వదినా,” అన్నాను.

“అది తప్పెట్ల అయితాది?” అని, అది తప్ప మిగతాదంతా మార్చింది.

కాల్‌లో అతను తెర మీది ఆ ఇంగ్లీషు వాక్యం చూసి నవ్వాడు. “శ్రీ ఎవరండీ, మీవారా?”

ఇప్పుడు వదిన జాకెట్ల కొలతలు రాసుకుంటోంది. కొలతలకు పైన ఏమీ ఉండదు.