గూళ్ల వెంట కూర్చున్న మనిషి

2001వ సంవత్సరం, వేసవి చివరి రోజులు. అప్పటికి నేను హిందూపురంలో మోటారు బీమా సర్వేయరుగా పనిచేయబట్టి చాలా ఏళ్లయింది. సర్వేయరంటే భూములు కొలిచేవాడని మా వీధిలోనే సగంమంది అనుకునేవారు. ప్రమాదానికి గురైన బండిని పరిశీలించి, ఏం జరిగిందో, నష్టమెంతో బీమా కంపెనీకి నివేదిక ఇవ్వడం నా వృత్తి. కంపెనీకి పంపిన ప్రతి నివేదికకూ ఒక నకలు నా దగ్గర ఉంచుకోవడం మొదటినుంచీ నా పద్ధతి. జ్ఞాపకాన్ని నేను నమ్మను. అందుకే ఇది కూడా ఆ నకలును ఎదుట పెట్టుకునే రాస్తున్నాను.

బండి కొనబోయేవాళ్లు తరచుగా నా సలహాకు వచ్చేవారు. షోరూమువాళ్లు బండ్లను తళతళలాడుతున్నప్పుడు పోల్చి చూపిస్తారు. నేను వాటిని బోర్లా పడ్డాక పోల్చినవాణ్ణి. ఏ తలుపు నొక్కుకుపోతుందో, ఏ సీటు ఊడివస్తుందో, పైకప్పు ఎంతవరకు దిగుతుందో నాకు తెలుసు.

ఆ సంవత్సరమే జాఫర్ వచ్చాడు. రొద్దం దగ్గర ఒక పల్లెలో మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం అతని జీవనం. మా హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు నెలనెలా వచ్చేవాడు.

"సార్, బండి తీయల్లనుకుంటాండా. పికప్పా, ల్యాకుంటే ఆ పెద్ద జీపు మాదిరి బండా? నువ్వే చెప్పల్ల."

"బండిలో ఏం వేస్తావప్పా?"

"గూళ్లే సార్. మా ఇంట్లో ఇంగేముండాది? పురుగులు పొద్దుమానం మేస్తాయి, మేము వాటి మొగం చూస్తా పస్తుంటాం."

పట్టుగూటి సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. మార్కెట్టుకు వచ్చే గూటిలో పురుగు ఇంకా ప్రాణంతోనే ఉంటుంది. గాలి ఆడని చోట కుక్కితే గూళ్లు వేడెక్కి చెమరుస్తాయి. చెమర్చిన గూటినుంచి దారం తెగకుండా రాదు, వేలంలో దానిని అడిగేవాడుండడు. కాబట్టి మూసిన తలుపుల కుటుంబపు బండి జాఫర్‌కు సరుకు పాడుచేసే పెట్టె. పికప్పుకు వెనక తొట్టి తెరిచి ఉంటుంది, గాలి ఆడుతుంది. ఆ మేరకు అతని మొగ్గు సరైనదే.

మిగిలిన విషయాలు కూడా వివరంగా చెప్పాను. పికప్పు వెనక లీఫ్ స్ప్రింగులు, అంటే ఇనుపపట్టీలు పేర్చిన కమానులు, బరువు కోసం చేసినవి. బరువు చాలకపోతే బండి ఎగిరెగిరి పడుతుంది. గూళ్లు ఎంత నింపినా బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. మలుపుల్లో అది ప్రమాదం. కుటుంబపు బండిలో మనుషులకు సీట్లు, తలుపులు, పైన ఇనుపకప్పు ఉంటాయి. పికప్పు చట్టం దృష్టిలో గూడ్స్ క్యారేజ్, అంటే సరుకు బండి. సరుకు యజమాని వెంట రాదలిస్తే డ్రైవరు పక్క సీట్లో రావాలి. తొట్టిలో ఉన్న మనిషికి ఏమైనా జరిగితే బీమా కంపెనీ బాధ్యత తీసుకోదు.

"వెనక ఒక్కరు కూడా ఎక్కకూడదు. అర్థమైందా?"

"మనుషులెవరూ ఎక్కరు సార్, అల్లామీద ఆన. పెండ్లిండ్లకీ ఉరుసుకీ బస్సుండాది కదా. మాయమ్మకి బస్సే కావల్ల. కిటికీ పక్కన కూచోని దావ పొడుగునా లోకాన్ని తిట్టల్ల ఆమె."

ఇద్దరం నవ్వుకున్నాం. అతను అబద్ధమాడలేదని నేను ఈనాటికీ నమ్ముతున్నాను.

ధర్మవరంలో ఒక ఏజెంటు ద్వారా జాఫర్ పికప్పు కొన్నాడు. ఆ ఏజెంటు గూళ్ల రైతుల కోసమే ప్రత్యేకంగా బాడీ కట్టించి ఇచ్చేవాడు. తొట్టిపైన ఎత్తుగా ఇనుపచట్రం, చుట్టూ జాలీ, మీద టార్పాలిన్, లోపల ఒక మూలకు చిన్న చెక్కపీట. "సరుకుకు సరుకు, సంసారానికి సంసారం" అని అతని ప్రచారం. బీమా సంగతి అడిగినవాళ్లకు "కాంప్రహెన్సివ్ పాలసీ, బండిలో అందరికీ వర్తిస్తుంది" అని చెప్పేవాడట. కాంప్రహెన్సివ్ అంటే సమగ్రమని అర్థమే గాని, సరుకు బండిని అది బస్సుగా మార్చదు. ఈ సంగతి తెలియకుండా ఒక మనిషి బండ్లు అమ్ముతాడంటే నేను నమ్మను.

ఏడాది తిరగకముందే ఒకరోజు ఉదయం నాకు స్పాట్ సర్వే పని వచ్చింది. స్పాట్ సర్వే అంటే బండిని కదిలించకముందే పడినచోట పరిశీలించడం. పెనుకొండ దాటి హిందూపురం వైపు వచ్చే దారిలో ఒక దిగుడు మలుపు. గొర్రెల మంద అడ్డం వస్తే డ్రైవరు ఒక్కసారిగా తిప్పాడు. బండి పక్కకు ఒరిగి పడింది. దగ్గరికి వెళ్లేవరకు అది జాఫర్ బండి అని నాకు తెలియదు. నడిపింది జాఫరే. అతనికి చేయి మాత్రం విరిగింది.

రోడ్డంతా గూళ్లు. ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. ఎవరో ఊరివాళ్లు వాటిని తొక్కకుండా అంచునే నిలబడి ఉన్నారు.

చనిపోయింది జాఫర్ అక్క రమీజా. భర్త పోయాక పదో తరగతి చదివే కూతురు షాహీన్‌తో తమ్ముడింట్లోనే ఉండేది. ఆ ఇంట్లో పురుగుల పెంపకమంతా ఆమె చేతిమీదే. ఆకు కోయడం, పురుగును చంద్రిక అనే వెదురు తట్టకు ఎక్కించడం, గూడు ఏరడం అన్నీ ఆమె పనే. మార్కెట్టుకు పోయేటప్పుడు గూళ్ల సంచుల మధ్య కూర్చుని, దారి పొడవునా అడుగు సంచిని పైకి, పై సంచిని అడుక్కి మార్చుతూ ఉండాలి. లేకపోతే కింది గూళ్లు నలిగి వేడెక్కుతాయి. బస్సులో సరుకు వేసుకుని వచ్చిన కాలంనుంచీ ఆ పని ఆమెదే. బండి ఒరిగినప్పుడు ఆమె లేచి నిలబడి సంచి మారుస్తోంది. ఇనుపచట్రం ఆమె మీద పడింది.

డ్రైవరు పక్క సీటు ఖాళీగా ఉండింది. దాని మీద ఆమె టిఫిన్ డబ్బా, గొడుగు ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత జాఫర్ చేతికి కట్టుతో మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సార్, మా అక్క ముందర సీట్లో ఉండాదని రాయండి సార్."

"నేను చూసినాను జాఫర్. ఆమె చెప్పులు తొట్టిలో పీట కింద ఉన్నాయి."

"డబ్బా ముందర ఉండాది కదా సార్! గొడుగు ముందర ఉండాది కదా! అదీ రాయి. నాకొద్దు సార్, ఒక్క దుడ్డు కూడా నాకొద్దు. షాహీన్ ఉండాది. ఆ పిల్ల ఏం కావల్ల?"

"ఆ రోజు నేను అడిగితే వెనక మనుషులెవరూ ఎక్కరని చెప్పినావు కదప్పా?"

అతను నావైపు చూశాడు. నిజంగానే అర్థం కాని చూపు.

"మనిషని యాడనుకున్యా సార్? గూళ్లతో వచ్చేది మా అక్క కదా."

అబద్ధపు నివేదిక నేను రాయలేదు. ఒక్కసారి రాస్తే, ఆపైన నేను రాసే ఏ నిజానికీ విలువ ఉండదు. ఆమె తొట్టిలో ఉందని రాశాను. డబ్బా, గొడుగు ముందు సీట్లో ఉన్నాయని కూడా రాశాను. అంతటితో ఆగలేదు. ఆమె ప్రయాణికురాలిగా కాదు, సరుకును కాపాడే పనిలో ఉన్న మనిషిగా అక్కడ ఉందని, సరుకు స్వభావాన్ని బట్టి ఆ పని ముందు సీట్లో కూర్చుని చేయడం సాధ్యం కాదని రాశాను. చెక్కపీటను కొలిచి, ఫొటో తీసి జతచేశాను. గూళ్లకు పీట అక్కరలేదు. దానిని బిగించినవాడు అక్కడ ఒక మనిషి కూర్చుంటుందని తెలిసే బిగించాడని, అటువంటి బాడీలను ఆపించవలసిందని వేరే పేరాగా రాశాను.

కంపెనీ కార్యాలయంనుంచి పిలుపు వచ్చింది. అక్కడి అధికారి నాకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు.

"సార్, మీ పని బండి నష్టం వరకే కదా. ఈ పీట పేరా తీసేద్దాం."

"పీట బండిలో భాగం కాదా?"

"బిల్లులో లేదు సార్."

"మనిషి కూడా బిల్లులో లేదు బాబూ. చచ్చిపోయింది."

పేరా నేను తీయలేదు. వాళ్లు దానిని చదవలేదు. తర్వాత కొన్నాళ్లు నాకు కొత్త పనులు రాలేదు. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. నా కోపం వేరే. విరిగిన అద్దానికీ, వంగిన తలుపుకూ, చివరకు ఆ ఇనుపచట్రానికి కూడా కంపెనీ నష్టం చెల్లించింది. రమీజా విషయంలో మాత్రం పాలసీ వర్తించదని ఒక ఉత్తరం పంపింది. షాహీన్ తరఫున జాఫర్ కోర్టులో కేసు వేశాడు. అక్కడ నా నివేదికనే వాళ్లకు వ్యతిరేకంగా చదివారు. తొట్టిలో ఉందన్న వాక్యం చదివారు, ఎందుకుందన్న వాక్యం చదవలేదు. బోనులో నిలబడి రెండోది కూడా చదవమని నేను గట్టిగానే అడిగాను. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు. కేసు పోయింది. ఏజెంటును ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ప్రమాదం జరిగిన మరుసటి సంవత్సరం మార్కెట్టు దగ్గర ఆ బండిని మళ్లీ చూశాను. కొత్త రంగు వేశారు. జాఫర్ దిగి వెనక్కి వెళ్లి టార్పాలిన్ ఎత్తాడు. సంచుల మధ్యనుంచి షాహీన్ కిందికి దిగింది. తల మీద చున్నీ, చున్నీకి అంటుకుని గూళ్ల నూగు.

ఉండబట్టలేకపోయాను. "ఏమప్పా, ఆ పిల్లనా?" అన్నాను.

జాఫర్ నా మొహం చూడకుండా సంచులు దించుతూనే జవాబిచ్చాడు. "పురుగు ఆగదు కదా సార్. కాలం తీరితే గూడు కట్టేస్తాది."

"ముందు సీటుండాది కదా!"

షాహీనే అందుకుంది. గొంతులో కోపం లేదు, పెద్దవాళ్లకు పని నేర్పుతున్నట్టు ఉంది. "ముందర కూచుంటే కిందవి నలిగిపోతాయి సార్. మాయమ్మ చెప్పలేదా ఎవరికీ?"

ఆ పిల్ల స్కూలు సంగతి నేను అడగలేదు. అడగవలసిన అవసరం కనబడలేదు.

ఈ కేసు తర్వాత బండ్లను పోల్చే నా పద్ధతి మారింది. పికప్పుకు ఎంత సరుకు పడుతుంది, కుటుంబపు బండిలో ఎంతమంది కూర్చుంటారు అని కంపెనీలు రెండు వరుసలు గీసి చూపిస్తాయి. ఒక వరుసలో మనుషులు, ఒక వరుసలో సరుకు. మన పల్లెల్లో చాలా ఇళ్లలో ఒక మనిషి ఈ రెండు వరుసల మధ్య ఉంటుంది. గూళ్లను తిప్పుతుంది, పూలకు నీళ్లు చల్లుతుంది, మేకపిల్లను ఒళ్లో పట్టుకుంటుంది. బండి తయారుచేసినవాడు ఆమెకు సీటు పెట్టలేదు, చట్టం ఆమెను ఎక్కవద్దంటుంది, సొంత ఇంటివాళ్లు ఆమెను ఎక్కినవాళ్లలో లెక్కపెట్టరు. రెండు వరుసల సీట్లు, వెనక తొట్టి ఉన్న పికప్పులు తర్వాత వచ్చాయి. వాటిలోనూ ఆమె పని తొట్టిలోనే ఉంటుంది.

ఇప్పుడు ఎవరైనా ఏ బండి కొనాలని అడిగితే మైలేజీ గురించి, బరువు గురించి చివర మాట్లాడతాను. సరుకును దారిలో చూసుకునేది ఎవరని ముందు అడుగుతాను. జవాబు వెంటనే రాకపోతే ఆ ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పమంటాను.