ఎర్ర జిల్దులు

గద్వాలలో మా పఠనాలయం ఎందుకు మూతపడిందని ఎవరడిగినా, పుస్తకాలకు జిల్దు కట్టే ముసలాయన పొరపాటు వల్లనని చెప్పేవారు. ఆ మాట నా ఎదుటే చాలాసార్లు అన్నారు. నేను కాదనలేదు. ఎర్రగుడ్డ వేయమన్నది నేను. వద్దన్నది ఆయన. ఈ రెండు ముక్కలు ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. పఠనాలయమంటే బజారులో ఒక గది, రెండు బీరువాలు, ఒక పొడుగాటి చాప. దాన్ని నడిపేది, కర్నూలుకు పోయి పుస్తకాలు కొని తెచ్చేది నేనే కనుక ఊరికి పంతుల్ని. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం ఒక బీరువా విడిగా పెట్టాం. వాళ్లకు బడిలో చదువంతా ఉర్దూలోనే. తెలుగు ఇంటి దగ్గర నేర్చుకున్నంత. పుస్తకం పేరు కూడబలుక్కునే ఓపిక లేక రంగు చూసి చెయ్యి చాచేవారు.

అచ్చయి వచ్చిన పలుచటి అట్టలు నెల తిరక్కుండా చిరిగిపోయేవి. వాటిని తీసేసి దళసరి అట్ట పెట్టి, గుడ్డ అంటించి జిల్దు కట్టేవాడు చాచా. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. కచేరి, అంటే సర్కారు ఆఫీసు, రిజిస్టర్లు కుట్టడమే ఆయన బతుకుదెరువు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు కనుక జిల్దు మీద పేరు ఉండేది కాదు. అందుకని రంగులే గుర్తులుగా పెట్టుకున్నాం. జంతువుల కథలకు ఆకుపచ్చ, రాజుల కథలకు పసుపు, చుక్కల గురించీ యంత్రాల గురించీ చెప్పేవాటికి నీలం. సముద్రాలు, అడవులు, దొంగలు ఉన్నవాటికి ఎరుపు.

పిల్లలు ఎరుపు తప్ప మరొకటి ముట్టేవారు కాదు.

"నీలంది తీస్కపోరా, మంచిగుంటది" అన్నాను ఒకసారి ఒకడితో.

"నీలందాంట్ల ఎవ్వరు సావరు సార్" అన్నాడు వాడు.

పఠనాలయం పెద్దలు నెలకోసారి వచ్చి, పిల్లలు ఏయే పుస్తకాలు చదివారని అడిగేవారు. ముప్పాతిక బీరువా కదలలేదని చెప్పడం నాకు నామోషీ. అన్నిటికీ ఎర్రగుడ్డే వేస్తే తేడా తెలియక అన్నీ తీసుకుపోతారు గదా అనుకున్నాను. అది గొప్ప తెలివి అనిపించింది. చాచా ఇంటికి పోయి చెప్పాను.

ఆయన చేతిలో గంజి కుంచె ఆగింది. "అన్నింటికి ఎర్రదేనా? జర ఆగు పంతులు. దినాలు బాగలెవ్వు. మొన్న కచేరి రిజిస్టర్లకు అంచుకు ఎర్రపట్టీ ఏస్తె, అదిగూడ పీకెయ్యుమన్నరు."

"పిల్లల పుస్తకాలు చాచా. ఎవరు చూస్తరు?"

"చూసేటోనికి సదువొస్తె భయం లేదు. రాకుంటెనే భయం. నాకు కచేరి పని పోతె పొయ్యిల పిల్లి లేవది."

ఎర్రజెండా పట్టిన కమ్యూనిస్టుల కోసం పోలీసులు ఊరూరా వెతుకుతున్న రోజులవి. అది నాకూ తెలుసు. అయినా పట్టుబట్టాను. ఆయన కట్టాడు.

పది రోజుల్లో బీరువా ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్రగా నిండింది. పిల్లలు చంకలో ఎర్ర పుస్తకాలతో బజారు వెంబడి పోతుంటే నాకు ముచ్చటేసింది. బీరువా నిండిన మూడో రోజున ఎదుటి తమలపాకుల దుకాణం ముందు కొత్త మనిషి ఒకడు వచ్చి కూర్చున్నాడు. ఆకులు కొనడు, మాట్లాడడు. పిల్లలు బయటికి వచ్చినప్పుడల్లా వాళ్ల చంకల వైపు చూస్తాడు. మరునాడూ వచ్చాడు. ఆ పైరోజూ వచ్చాడు. ఒక పిల్ల తండ్రి పుస్తకాన్ని జొన్నల సంచిలో దాచి తెచ్చి, గడప లోపల పెట్టి, "ఇది మీతాన్నే ఉండనియ్యిండ్రి" అని వెనక్కి చూడకుండా పోయాడు. వారం తిరిగేసరికి చాప మీద ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఆ గుడ్డలు నేను అప్పుడైనా పీకించవలసింది. పీకిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఊరుకున్నాను.

ఆ వారం గడిచిన మర్నాడు పట్టపగలు అమీను వచ్చాడు. పోలీసు అధికారి. వెంట ఇద్దరు జవానులు. కుట్టు వదిలిన పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చిన చాచా అప్పుడు చాప మీదే ఉన్నాడు. అమీను బీరువా తెరిచి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఒక పుస్తకం తీసి తలకిందులుగా పట్టుకొని పేజీలు తిప్పాడు. ఆయనకు తెలుగు రాదు. అది కుందేలు కథ.

"ఈ ఎరుపు ఎవరి పని?" అని ఉర్దూలో అడిగాడు.

"జిల్దు కట్టింది ఈయన" అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే నోట్లోంచి అంత సులువుగా వచ్చింది. చాచా నా వైపు చూశాడు. రెండో మాట కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. నేను చాప అంచు వైపు చూశాను.

ఎనిమిది రోజులు ఆయన్ని పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఠాణా వసారాలో కూర్చోబెట్టారు. కొట్టలేదు. ఏమీ అడగలేదు. తొమ్మిదో రోజున కచేరి జవానులు ఆయన ఇంటికి వచ్చి, సగం కుట్టిన రిజిస్టర్లతో సహా అన్నీ మోసుకుపోయారు. పఠనాలయానికి తాళం పడింది. నెల తర్వాత చాచా, ఆయన భార్య ఇద్దరూ ఆమె పుట్టిల్లు కొల్లాపూర్‌కు వెళ్లిపోయారు. బండి కదిలినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. తలుపు వేసుకున్నాను.

పోయిన ఎండాకాలం కొల్లాపూర్ పోయాను. చాచా ఒక మామిడితోటకు కాపలా ఉంటున్నాడు. చూపు బాగా తగ్గింది. నన్ను ముందు గుర్తుపట్టింది ఆయన భార్య.

"గద్వాల పంతులా? అగ్గువకు దొరికిందని ఎర్రగుడ్డ ఏసి కొంప ముంచిన మనిషిని చూడనీకొచ్చినవా?" అంది. ఆ దెప్పు అక్కడ రోజూ వినబడేదేనని ఆమె గొంతులోనే తెలిసింది.

నేను చాచా వైపు తిరిగాను. "మీరు చెప్పలేదా?"

"నువ్వు చెప్పాల్సింది నేనెట్ల చెప్త? నేను చెప్తె తప్పించుకుంటున్న అంటది." భార్య ఉన్న వైపు చెయ్యి చూపి, "నువ్వెందుకొచ్చినవో నాకెరుకే. నాకు గాదు, ఆమెకు చెప్పు" అన్నాడు.

ఆమె చేట కింద పెట్టింది. నేను లేచి నిలబడ్డాను.

"చాచీ, గుడ్డ అగ్గువని చాచా కట్టలే. ఎర్రది కట్టుమన్నది నేను. ఆయన వద్దన్నడు. అమీను అడిగిననాడు నేను నోరు తెరిస్తె మీ పని పోయేది గాదు. భయపడి ఆయన్ని చూపిచ్చిన. ఇన్నేండ్లు మీరు ఆయన్నన్న మాటలన్ని నన్ను అనాల్సినయి. నన్ను మాఫ్ చెయ్యుండ్రి, ఇద్దరు."