చైర్మన్ సారు కనిపెట్టిన బొందలగడ్డ

ఆ రోజుల్లో నాకు చరిత్ర మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. లేకపోతే ప్రాచీన చరిత్రలో డాక్టరేటు చేసినవాడు ఎవడైనా శామీర్‌పేట దాటాక ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో, మార్కుల్లేని ‘మన వారసత్వం’ సబ్జెక్టు చెప్పడానికి చేరతాడా? నా క్లాసు భోజనాల తర్వాత. సగం మంది నిద్ర, సగం మంది ఫోను. (జవహర్‌నగర్ చెత్తగుట్టల గాలి ఇటు తిరిగిన రోజు మాత్రం అందరూ మేలుకునే ఉండేవాళ్ళు.) మా చైర్మన్ సారు స్థలాల వ్యాపారి. ప్లాట్లు అమ్మగా మిగిలిన చోట కాలేజీ పెట్టాడని జనం అనేవాళ్ళు, అందులో అబద్ధమేమీ నాకు కనబడలేదు.

కాలేజీ వెనక ఆయన వెంచర్ కోసం చదును చేయబోతున్న గుట్ట ఉండేది. ఓ సాయంత్రం అటు వెళ్తే, వాలు పొడుగునా గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద బండలు! బుద్ధుడు పుట్టకముందు నాటి మనుషులు తమవాళ్ళను పాతిపెట్టుకున్న చోటు అది. నాకు పట్టరాని సంతోషం. కూర్చుని వ్యాసం రాసేశాను, నా జీవితంలో మొదటిది. ‘ఇక్కడ ఒక్క రాయి కూడా కదిలించరాదు’ అని ముగించి, ప్రిన్సిపాల్ సంతకం కోసం తీసుకెళ్ళాను. ఆయన ఒక్క ముక్క చదవలేదు, పేజీలు మాత్రం తిరగేశాడు.

“గిదేంది సారూ, నీ ఒక్కని పేరే ఉన్నది? కాలేజీల ఎవలేం రాసినా ముందుగాల చైర్మన్ సార్ పేరు, ఎన్క నా పేరు. గదే ఈడ రివాజు.”

“ఆయన అసలు చదవనైనా లేదు కదా సార్?”

“పెండ్లి పత్రిక మీద పెద్దమనుషుల పేర్లేస్తరు. ఆళ్ళేమన్న పత్రిక రాసిన్రా?”

కడుపు మండుతున్నా అందరి పేర్లూ చేర్చాను. మొదటి పేరు చైర్మన్‌ది, రెండోది ప్రిన్సిపాల్‌ది, మూడోది చైర్మన్ అల్లుడిది. (ఆ మహానుభావుడు అప్పటికింకా డిగ్రీ తప్పుతూనే ఉన్నాడు.) నాలుగోది నాది. వ్యాసం ఓ చరిత్ర పత్రికలో అచ్చయిన మర్నాడే మేడ్చల్ రోడ్డు మీద ఫ్లెక్సీలు లేచాయి, ‘చరిత్రను వెలికితీసిన మహనీయుడు’ అంటూ. విలేకరుల ముందు చైర్మన్ సారు, ప్రిన్సిపాల్ రాసిచ్చిన చివరి వాక్యాన్ని గుండె మీద చెయ్యేసుకుని మరీ చదివాడు: “ఒక్క రాయి గూడ కదలనియ్య!” ఏ రాళ్ళో, ఎక్కడివో ఆయనకేం తెలుసు? పురావస్తు శాఖవాళ్ళు కూడా వచ్చి చూసి, ఆయన చెయ్యి పట్టుకుని మెచ్చుకుని పోయారు.

ఆ ఆదివారం ప్లాట్లు చూడవచ్చినవాళ్ళ చేతిలో ఆ వార్త పడిన పేపరుంది. “ఏంది సారూ, బొందలగడ్డ మీద ఇండ్లు కట్టుకోమంటవా? మాకు పిల్లా జెల్లా లేరా?” అని చైర్మన్‌ని తిట్టి, వచ్చిన బండ్లలోనే తిరిగి వెళ్ళిపోయారు.

సోమవారం చైర్మన్ నన్ను పిలిపించాడు. మనిషి మస్తు పరేషాన్‌లో ఉన్నాడు. “సారూ, నీ వ్యాసం నువ్వే తీస్కో. నీ ఒక్కని పేరే ఉంచుకో. నాకేం ఎర్కలే, గవి ఉత్త రాళ్ళే అని జెప్పి ఇగ జల్దీ జేసీబీ పెడ్త.”

నా పేరు! ఒక్క నా పేరే! దాని కోసం ఎన్ని రోజులు పళ్ళు నూరానో నాకే తెలుసు. నోట్లో నీళ్ళూరాయి, అబద్ధమెందుకు. కానీ పేరు నాదైతే రాళ్ళు పోతాయి.

“ఎంతమాట సార్! ఆ ఘనత మీదే. ఒక్క రాయి కదలనియ్యనని ఊరందరి ముందూ అన్నారు. ఇప్పుడు మాట తప్పితే ఏం బాగుంటుంది?”

“అవ్ సార్, ఘనత మీదే,” అన్నాడు పక్కనున్న ప్రిన్సిపాల్ అలవాటు కొద్దీ, తర్వాత నాలిక్కరుచుకున్నాడు.

జేసీబీ రాలేదు. ఆ ఏడాది చివర నా ఉద్యోగమూ ఉండలేదు. తర్వాత యూనివర్సిటీలో చేరాను, పుస్తకాలు రాశాను. ఆ బండల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పేజీ అడుగున ఆధారంగా చైర్మన్ సారు పేరే వేస్తాను. ఆ పేరు పక్కనుండే ‘తదితరులు’లో నేనొకణ్ణి.

మొన్న నా దగ్గర పరిశోధన చేసే అమ్మాయి ఆ వ్యాసం చదివొచ్చి అడిగింది, “సార్, గీ పెద్దమనిషి ఎవరు సార్? ఎంత ప్రేమతోని రాసిండు! ఇంకేమన్న రాసిండా?”

“లేదమ్మా, ఆ ఒక్కటే,” అన్నాను. “కానీ చాలా బాగా రాశాడు.”