చున్వల్ అవ్వ వాకిట్లో ఒంటికర్ర

మా జేజు దీవిలో పాత ఇళ్ళకి గేటు ఉండదు. వాకిట్లో రెండు రాళ్ళు, వాటి కన్నాల్లో దోపడానికి మూడు కర్రలు. కర్రలేవీ లేకపోతే ఇంటివాళ్ళు లోపల ఉన్నట్టు. ఒకటి అడ్డముంటే ఇప్పుడే వస్తారని. మూడూ ఉంటే ఎవరూ లేరు, వెనక్కి తిరగమని. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది.

మా పక్కింటి చున్వల్ అవ్వకి తొంభై దాటాయి. ఆవిడ లోపలున్నా సరే వాకిట్లో ఒక కర్ర అడ్డంగానే ఉంటుంది. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, కొండమీది తిరుగుబాటుదారులకు బార్లీ పెట్టాడని అవ్వ నాన్నని సర్కారు సైనికులు బడి ఆవరణలోకి పిలిచారు. "ఇప్పుడే వస్తా" అని ఒక కర్ర అడ్డం పెట్టి వెళ్ళాడాయన. మళ్ళీ రాలేదు. 'ఎర్రజెండావాడి కూతురు' అన్న పేరు మాత్రం వచ్చింది. కర్ర పుచ్చినప్పుడల్లా అవ్వ కొత్తది మార్చింది కానీ తీసెయ్యలేదు.

దేశం రెండుగా చీలి ఉత్తరం వాళ్ళతో యుద్ధం మొదలయ్యాక సైన్యం ఆడపిల్లల్నీ చేర్చుకుంది. పదహారేళ్ళ అవ్వ జడ కోయించుకుని ఓడెక్కింది. జిన్హే శిక్షణ శిబిరంలో ఇచ్చిన తుపాకీ ఆవిడకంటే పొడుగు.

"నీ చేతికి తుపాకీనా? ఎటు తిప్పుతావో ఏమో!" అన్నాడట దళనాయకుడు.

"అయితే నా ఎదురుగా నిలబడకండి," అందట అవ్వ.

ఆ నోటికి ఎండలో మైదానం చుట్టూ పరిగెత్తించాడు. పరిగెత్తింది. తిరిగొచ్చాక సముద్రంలో మునిగి గుల్లలు ఏరుకుంటూ బతికింది.

పోయిన జూన్‌లో మా ఊరిపెద్దని వెంటేసుకుని ఒక ఆఫీసరు దిగాడు. చేతిలో 'దేశవీరుల ఇల్లు' అన్న రేకు. దాన్ని తగిలించడానికి ఇనుప గేటు కూడా ఉచితమట. కూలీలు రాళ్ళు పీకడానికి గునపాలు తెచ్చారు.

"కర్ర ముట్టుకుంటే ఊరుకోను," అంది అవ్వ.

"మీ నాన్నగారి సంగతి మాకు తెలుసులే అవ్వా. సైన్యంలో చేరి ఆ మచ్చ ఎప్పుడో కడిగేశారు కదా. ఇంకా ఈ కర్రెందుకు?" అన్నాడు ఆఫీసరు.

మా గోడ పక్కనే నిలబడి వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ వంగిన నడుంతోనే వాకిట్లోకి వచ్చింది.

"మచ్చ మా నాన్నదా, చంపినోళ్ళదా? నేనేం కడగడానికి పోలేదు బాబూ. హాజరు పిలిచిన ప్రతిసారీ నా పేరుతో పాటు మా నాన్న పేరూ అరిచి చెప్పాను. ఆయన కూతురిగానే తుపాకీ పట్టాను."

"అది కాదు, గేటు లేకపోతే ఈ రేకు..."

అవ్వ గోడవారనున్న రెండో కర్ర తీసి కన్నంలో దోపింది. తర్వాత మూడోది. కర్రలకి లోపలివైపు నిలబడి ఆఫీసరు మొహంలోకి చూసింది.

ఆయన కాలెత్తి దాటబోయాడు. ఊరిపెద్ద చొక్కా పట్టుకుని లాగాడు.

"ఆగండి సార్. ఇంట్లో ఎవరూ లేరు."

"ఎదురుగా కనబడుతుంటే లేరంటావేమిటయ్యా?"

"మూడు కర్రలున్నాయండీ. లేరంటే లేరు. పదండి."

నేను పకపకా నవ్వేశాను. రేకు, గునపాలు, గేటు అన్నీ వచ్చిన దారినే పోయాయి.

వాళ్ళు మలుపు తిరిగాక అవ్వ రెండు కర్రలు తీసి గోడకి ఆనించింది. మిగిలిన దాన్ని తలగుడ్డతో తుడిచింది.

"ఇందాక మూడూ పెట్టేశాను కదే," అంది. మలుపు దాకా దారి వెంట చూసింది. "ఆ కాసేపట్లో మా నాన్న గానీ వచ్చి, చూసి వెళ్ళిపోలేదు కదా?"

"లేదవ్వా. నేనిక్కడే ఉన్నాగా," అన్నాను.